సడ్డకుని సిగ్నలు డబ్బ

హలో... హలో, వినబడుతాందా? ఆఁ, అందరు మంచిగున్నరా? తిన్నరా? సరే, జర టీవీ సౌండు తగ్గించుకోండ్రి. నేను గూడ కుర్చీ గుంజుకొని కూసున్న. ఇయ్యాల ముచ్చట మెల్లగ చెప్పేది.

పోయిన వారం మనం మేడ్చల్‌ల కుర్మయ్య ఇంటి కాడ ఆగినం. రెండర్రల కిరాయి ఇల్లు, ముందట రేకులు. సంవత్సరం రెండువేల మూడు. దీపావళి పోయి ఇంకా వారం గాలే. కుర్మయ్య మరదలు యాదమ్మ పొద్దుగాల్నే వాకిట్లకొచ్చి, చెప్పులు గూడ ఇడవకుంట నిలబడ్డది. గాడికెళ్లి మొదలు పెడుతున్న. కొత్తగ వచ్చినోళ్లు పరేషాన్ గాకుండ్రి, ఎవలు ఎవలో వినుకుంట పోతే తెలుస్తది.

"కడుపు సల్లగయ్యిందా బావా?"

కుర్మయ్య గడ్డం గీసుకుంటున్నడు. అద్దంలకెళ్లి మొఖం తిప్పలే.

"నిన్నే అడుగుతున్న. మా ఆయన కొలువు మీద మన్ను బోసినవ్ గద. కడుపు సల్లగయ్యిందా అంటున్న."

"లోపలికి రా యాదమ్మా. వాడకట్టంత వింటాంది."

"విననీ! సొంత మరదలు సంసారం మీద రిజిస్టర్ల రాసిన మొనగాడెవడో వాడకట్టు గూడ చూడాలె."

లోపల్నుంచి కుర్మయ్య పెండ్లాం బాలమణి చెంబు పట్టుకొని వచ్చింది. "చెల్లె, నీళ్లు తాగు. నడిచొచ్చినవ్."

"నీ మొగడు పోసిన నీళ్లే గొంతుల అడ్డం పడ్డయక్కా. ఇంకేం తాగుత."

అదీ సంగతి. యాదమ్మ మొగడు అంజయ్య కుర్మయ్యకు సడ్డకుడు. అక్కను ఈయన చేసుకున్నడు, చెల్లెను ఆయన చేసుకున్నడు. ఇద్దరిదీ ఒకటే పని, రైల్వేల సిగ్నళ్లు బాగు చేసుడు. కుర్మయ్యకు ఒక స్టేషను, అంజయ్యకు దాని ముందటి స్టేషను గుండ్లకుంట. గుండ్లకుంట అనేది కథకు నేను పెట్టుకున్న పేరు, మ్యాపుల దేవులాడకుండ్రి.

అంజయ్యను గా పనిల పెట్టించింది కుర్మయ్యే. వైరు తోలు తీసుడు నేర్పింది కుర్మయ్యే. ఏ చిన్న సిగ్నలు ఆగినా, చూసినోడు చూసిన గడియల్నే స్టేషన్ మాస్టరు ముందట రిజిస్టర్ల రాయాలె, సంతకం పెట్టాలె. గా మొదటి పాఠం చెప్పింది గూడ ఆయనే.

కుర్మయ్య గట్లనే రాసిండు. వానకు ఆగినా రాసిండు, ఎలుక వైరు కొరికినా రాసిండు. రాసినందుకు ప్రతి మీటింగుల నిలబెట్టి తిట్టిండ్రు. "నీ ఒక్క స్టేషన్ల్నే ఇన్ని ఫెయిల్యూర్లెందుకు?" అని. అంజయ్య స్టేషన్ల ఏడాది పొడుగూత ఒక్కటి గూడ లేదు. దానికి ఇనాం ఇస్తమని ఆఫీసు బోర్డు మీద పేరెక్కిచ్చిండ్రు.

ఇగ శామీర్‌పేటల మామ జంగయ్య ఆగుతడా? వచ్చినోళ్లందరికి చెప్పుకుంట తిరిగిండు, "మా చిన్నల్లుడు ఆఫీసరు లెక్క" అని. మామ ఇంట్ల యాటకూర వండితే మూలుగున్న నల్లి బొక్క అంజయ్య పల్లెంల్నే పడుతది. పెద్దల్లుని పల్లెంల పులుసు. ఇన్నేండ్ల సంది కుర్మయ్య గా పల్లెం దిక్కు చూడనట్టే చూస్తడు.

బోర్డు మీద పేరెక్కిన మర్నాడే కుర్మయ్య గుండ్లకుంటకు పోయిండు. రిజిస్టరు అడిగి, మాస్టరు ముందటనే రాసిండు. పట్టాల పక్కన డబ్బల దొంగ వైరు ఉన్నదని. మాస్టరు భయపడి అప్పుడే వైరు పీకిచ్చి సీలు ఏయించిండు.

దొంగ వైరంటే ఏందో జర చెప్త. పట్టాల్ల సన్న కరెంటు పారుతది. బండి ఎక్కిందంటే గా కరెంటు డబ్బ దాంక రాదు, అప్పుడు సిగ్నలు ఎర్రగైతది. వానకు పట్టాలు నాని కరెంటు కారిపోతే, బండి లేకున్నా ఎర్రగనే ఉంటది. అది ఫెయిల్యూరు. రాయాలె. అంజయ్య రాయలే. డబ్బల ఒక ముక్క వైరు అడ్డం కట్టిండు. ఇగ పట్టాల మీద బండి నిలబడి ఉన్నా సరే, సిగ్నలు పట్టాలు ఖాళీ అనే అనుకొని పచ్చగ చూపిస్తది. వెనకకెళ్లి ఇంకో బండి వచ్చిందనుకో... చెప్పబుద్ధి గాదు.

వాకిట్ల ఆటో ఆగింది. జంగయ్య దిగిండు, ఆయన వెనక అంజయ్య. అంజయ్య గోడకు ఒరిగి కింద కూసున్నడు. కుర్మయ్య ఇంటికి ఎప్పుడొచ్చినా "వదినే, చాయ" అని అరుసుకుంట వచ్చే మనిషి, ఇయ్యాల నోరు తెరవలే.

"అల్లుడా," జంగయ్య తలపాగ ఇప్పి మోకాలు మీద పెట్టుకున్నడు. "గా రాసింది కొట్టేసి రా."

"రిజిస్టర్ల కొట్టేసుడుండదు మామా. కొట్టేస్తే ఎందుకు కొట్టేసినవో గూడ రాయాలె."

"అయితే గదే రాయి. పొరపాటయ్యిందని రాయి."

"పొరపాటు నాది గాదు గద."

"మరెవనిది? ఇంటి పిల్లగాడు గద వాడు! తప్పు చేసిండనుకో, పిలిచి రెండు తిట్టాలె. గట్లనే పోయి మాస్టరు ముందట రాసుడేనా?"

"ఆయనకు మండింది నాయినా," యాదమ్మ అందుకున్నది. "బోర్డు మీద పేరు చూసిన కాడికెళ్లి మండింది. మాకు ఇనాం వస్తే ఈయన కడుపుల నిప్పులు."

కుర్మయ్య గడ్డం సగం గీసిన మొఖంతోనే తిరిగిండు.

"మండుతది యాదమ్మా. లేదంటలేను. రాసినోన్ని నిలబెట్టి తిడుతరు, రాయనోనికి శాలువ కప్పుతరు. ఎవనికి మండదు? కాని వైరు కట్టింది నేను గాదు."

"చూసినవా నాయినా! ఒప్పుకున్నడు."

"ఏం ఒప్పుకున్న? వైరున్నది. ఉన్నది రాసిన."

యాదమ్మ కొంగు నడుముకు చెక్కుకున్నది. "సరే, ఒకటి చెప్పు. నీకు గా డబ్బ తాళంచెవి యాడిది? చెవులు మా ఆయన నడుముకే ఉంటయి. పోయిన వారమంత ఆయన డ్యూటీల్నే ఉన్నడు. నువ్వెట్ల తెరిచి చూసినవ్?"

"అంజయ్య లీవు పెట్టినప్పుడు ఆయన జాగల నేనే పోయిన గద! అప్పుడే చూ..." కుర్మయ్య ఆగిండు. కత్తి కడిగినట్టు చేసిండు. "అప్పుడు స్టేషన్ల ఇచ్చిన రెండో చెవి నా తాననే ఉండిపోయింది. మొన్న దాంతోనే తెరిచిన."

జంగయ్య బీడీ ముట్టిచ్చుకున్నడు. యాదమ్మ ఇంకేదో తిట్టు వెతుక్కుంటాంది. అంజయ్య ఒక్కసారి తల లేపి కుర్మయ్య దిక్కు చూసిండు. మళ్ల దించిండు.

వంటింట్ల బాలమణి, చాయ మసలకముందే కిరోసిన్ స్టవ్ బంజేసింది.

"ఏమయ్యా, జర ఇటు రా. డబ్బ మూత వస్తలేదు."

ఏ డబ్బ లేదు. కుర్మయ్య లోపలికి రాంగనే బాలమణి స్టవ్ మళ్ల ముట్టిచ్చి, పంపు గట్టిగ కొట్టింది. గా బుస్సుమనే సప్పుడుల మాట బయటికి పోదు.

"అంజయ్య లీవు పెట్టింది ఎప్పుడు?"

"ఎందుకు?"

"ఎప్పుడు?"

"బతుకమ్మ ముందు. మామ కాలు బెణికినప్పుడు."

"గా దినం నువ్వు మిర్చీలు కట్టిచ్చుకొని వచ్చినవ్." బాలమణి ఆయన మొఖం చూస్తలేదు, మంట దిక్కు చూస్తాంది. "స్నానం చేసుకుంట పాట పాడినవ్. పెండ్లైన కాడికెళ్లి నువ్వు పాడంగ నేను వినలే. జీతం పెరిగిందా అంటే నవ్వినవ్. నేను గూడ నవ్విన, పిచ్చిదాని లెక్క."

కుర్మయ్య చెంప మీద ఆరిన సబ్బు గోటితోని గీకిండు.

"గా దినమే చూసినవ్ గద?"

కుర్మయ్య తల ఊపిండు.

"చూసి వైరు పీకినవా?"

"పీకలే."

"ఎవలకన్న చెప్పినవా?"

"చెప్తే ఏమైతుండె?" కుర్మయ్య వాకిలి దిక్కు ఒకసారి చూసుకున్నడు. "అంజయ్య వైరు పీకి జేబుల ఏసుకుంటుండె. నాకేం తెల్వదంటుండె. ఇనాం వానికే, శాలువ వానికే. మీ నాయిన మళ్ల ఊరంత డప్పు కొడుతుండె. నేను మళ్ల పులుసు తాగుకుంట కూసుంటుంటి."

"గందుకని ఇనాం వచ్చేదాంక ఆగినవ్."

"వాడు మీదికెక్కినంక..."

"కిందికి గుంజుదామని."

బాలమణి స్టవ్‌కు మళ్ల రెండు పంపులు కొట్టింది.

"సద్దుల బతుకమ్మకు," బాలమణి అన్నది, "నన్ను, పిల్లను గుండ్లకుంటకు బండెక్కిచ్చినవ్. చెల్లె ఇంటికి. జనం మస్తున్నరని నువ్వే ముందు ఎక్కి, కిటికీ కాడ తువ్వాల ఏసి సీటు పట్టినవ్. బతుకమ్మ నలుగుతదని నా ఒడిల పెట్టినవ్. బండి కదిలితే చెయ్యి ఊపినవ్."

"ఏం గాలే గద బాలమణీ."

"ఏం గాలే."

"యాదికి రాలే నాకు. ఒట్టు. ఎక్కిచ్చినప్పుడు గా వైరు సంగతే యాదికి రాలే."

బాలమణి అప్పుడు తిరిగి చూసింది. ఆయన తెల్సుండి ఎక్కిచ్చిండంటే గూడ ఆమెకు ఇంత కోపం రాకపోతుండె.

"బతుకమ్మ ముందట్నుంచి దీపావళి దాంక నువ్వు అంజయ్యను తప్ప ఇంకోటి యాది చేయలే. అన్నం తినుకుంట వాడే, పండుకుంట వాడే. వాడు కట్టిన వైరు యాదికున్నది. నేను ఎక్కిన బండి యాదికి లేదు."

"నువ్వు గూడ మొన్న సంబురపడ్డవ్ గద. నేను చూడలేదా?"

"పడ్డ." దాచలే. "మా చెల్లె పట్టుచీర కొన్నది, ఇనాం దినం కట్టుకుంటనని నాలుగిండ్లకు చూపిచ్చింది. నేను గూడ కుళ్లుకున్న. నువ్వు రాసినవంటే, ఇగ ఎట్ల కడుతదో చూస్త అనుకున్న. గాని నా కుళ్లు చీర కాడ్నే ఆగింది."

బయట జంగయ్య దగ్గిండు. "చాయ అయితాందా, వండుతున్నరా?"

"అయితాంది నాయినా!" అని అరిచి, బాలమణి మళ్ల గొంతు తగ్గిచ్చింది. "నువ్వు రాసినదాని మీద అడగనీకే ఇన్‌స్పెక్టర్ సార్ వస్తడు గద ఇయ్యాల. చూసిన దినం చెప్పు."

"పిచ్చా నీకు? చూసి చెప్పనోడు కట్టినోని లెక్కనే. నా కొలువు గూడ పోతది."

"నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

"నా పెండ్లానివి నువ్వు."

"గా బండి ఎక్కింది గూడ నేనే."

సార్ రానే వచ్చిండు. సిగ్నల్ ఇన్‌స్పెక్టర్ పట్టాభిరామయ్య. ఆంధ్ర దిక్కు మనిషి, సుచిత్ర కాడ ఫ్లాటు కొనుక్కున్నడు. ఐతారం గూడ ఇస్త్రీ అంగీ. స్కూటరు నీడకు పెట్టి, లోపలికొచ్చి అందరి మొఖాలు ఒక చుట్టు చూసిండు.

"అందరూ ఇక్కడే ఉన్నారు. మంచిదే. ఏవమ్మా, కాసిని మంచినీళ్లివ్వు." తాగి, సంచిలకెళ్లి కాగితాలు తీసిండు. "చూడవయ్యా కుర్మయ్యా, రేపు దీన్ని పైకి పంపాలి. పంపానంటే అంజయ్య ఇంటికే. అందులో అనుమానం లేదు."

యాదమ్మ నోట్ల కొంగు పెట్టుకున్నది.

"అయితే ఒక దారుంది. ఆ వైరు పరీక్ష కోసం, మాస్టరు గారికి చెప్పి, మెమో ఇచ్చి పెట్టింది. తీయడం మర్చిపోయాం. ఈ మాట నువ్వొక సంతకం, అతనొక సంతకం పెట్టిచ్చారనుకో, ఓ తిట్టుతో పోతుంది."

"మెమో యాడున్నది సార్?" కుర్మయ్య అడిగిండు.

"రాసుకుంటాంలేవయ్యా. అది నీకెందుకు? పక్క సెక్షనువాడు పొద్దున్నే ఫోను చేసి, మీ ఇనాం ఏవైందండీ అని నవ్వుతున్నాడు. నా కడుపు మాత్రం మండదా?"

జంగయ్య బీడీ పారేసిండు. "సంతకం పెట్టు అల్లుడా. దండం పెడుత."

"బావా." పొద్దుగాల్నుంచి తిట్టిన యాదమ్మ కింద కూసున్నది. "నేనన్నయన్ని మనసుల పెట్టుకోకు. పెద్దోనివి. కాళ్లు మొక్కుత."

చూసిండ్రా, ఎంత అలకగ దారి దొరికిందో? సంతకం పెడితే అంజయ్య బతుకుతడు. కుర్మయ్య గూడ బతుకుతడు. ఎప్పుడు చూసినవని అడిగేటోడే ఉండడు. మామ ముందట మంచోడైతడు. మర్ల యాటకూర వండితే నల్లి బొక్క గూడ ఈ పల్లెంల్నే పడొచ్చు.

కుర్మయ్య పెన్ను చేతిలకు తీసుకున్నడు.

బాలమణి చాయ పల్లెం తెచ్చి నిలబడ్డది. కుర్మయ్య ఆమె దిక్కు చూడొద్దనే అనుకున్నడు. చూసిండు.

పెన్ను కింద పెట్టిండు.

"మెమో లేదు సార్. నేను చూసింది మొన్న గాదు. బతుకమ్మ ముందు చూసిన."

"ఏవిటీ?"

"అంజయ్య లీవుల ఉన్నప్పుడు డబ్బ తెరిచిన. వైరు చూసిన. మల్ల మూసిన."

"అప్పుడే ఎందుకు రాయలేదయ్యా?"

కుర్మయ్య పెన్ను సార్ దిక్కు జరిపిండు. "కుళ్లుతోని సార్."

పట్టాభిరామయ్య కండ్లద్దాలు తీసిండు. "అట్లా రాయలేనయ్యా కాగితం మీద. ఇంకేదన్నా చెప్పు. ఒంట్లో బాగోలేదను."

"ఒంట్ల మంచిగనే ఉండె. ఇనాం వచ్చేదాంక ఆగిన. వచ్చినంక రాస్తే గట్టిగ తగులుతదని."

"నీ ఇల్లు గూల!" యాదమ్మ కొట్టనీకే లేచింది. "విన్నవా నాయినా? విన్నవా అక్కా? నీ మొగడు మమ్ముల..."

"యాదీ, కూసో."

అది అంజయ్య గొంతు. పొద్దుగాల్నుంచి గదే మొదటి మాట.

"అన్న గా దినమే చూసిండని నాకు తెల్సు సార్."

కుర్మయ్య బిత్తరపోయి చూసిండు.

"లీవు నుంచి వచ్చి డబ్బ తెరిస్తే తాళం ఎన్నపూస లెక్క తిరిగింది. చూస్తే కొత్త గ్రీజు. వానకు తుప్పు పడుతదని తాళానికి గ్రీజు పెట్టేటోడు మా లైన్ల అన్న ఒక్కడే. గప్పుడే సమజైంది, అన్న చూసిండని. ఇయ్యాల రాస్తడు, రేపు రాస్తడు అని ఎదురు చూసిన. రాయలే." అంజయ్య మూతి తుడుసుకున్నడు. "చూసి ఊకున్నడంటే, నన్ను కాపాడుతుండు అనుకున్న సార్. తమ్ముడని."

యాదమ్మ మెల్లగ కూసున్నది.

"గా ధైర్యంతోని వైరు గట్లనే ఉంచిన. వానలు తగ్గినంక పీకుదాం తీ అనుకున్న. ఏమన్నైతే అన్న చెప్తడు గద అనుకున్న. బోర్డు మీద పేరు పడంగనే మిఠాయి డబ్బ మామకు గూడ ఇయ్యకముందు గీ ఇంటికే తెచ్చిన. ఎందుకు తెచ్చిన్నో ఈయనకు తెల్సనుకున్న."

"తమ్మీ," కుర్మయ్య ఒకడుగు ఏసిండు.

అంజయ్య లేసి, చెప్పులు తొడుక్కోకుంటనే వాకిట్లకు పోయిండు. కుర్మయ్య వెనకబడి పోయి గడప కాడ ఆగిండు.

"గా దినమే వచ్చి రెండు సెంపలు వాయిస్తే," అంజయ్య తిరగకుంటనే అన్నడు, "అప్పుడే పీకేస్తుంటి గదన్నా."

కుర్మయ్య వంగి, అంజయ్య ఇడిచిపోయిన చెప్పులు చేతిలకు తీసుకున్నడు.

లోపల పట్టాభిరామయ్య కొత్త కాగితం తీసుకొని, పెన్ను మూత తీసిండు. "ఇద్దరివీ రాయక తప్పదు నాకు. అమ్మా, ఆయన ఆ డబ్బ చూసొచ్చిన రోజు నీకు గుర్తుందా? ఏ రోజది?"

జంగయ్య పెద్దబిడ్డ దిక్కు చూసిండు. యాదమ్మ అక్క చెయ్యి పట్టుకున్నది. చెప్పమనో, చెప్పొద్దనో, గా పట్టుకున్నామెకు గూడ తెల్వదు.

బాలమణి గడప కాడున్న మొగని ఈపు దిక్కు చూసి, చాయ పల్లెం కింద పెట్టింది.

"చెప్త సార్," అన్నది. "రాసుకోండ్రి."

ఇయ్యాలటికి ఇంతే. నా గొంతు గూడ పట్టుకున్నది. మీ ఎరుకల ఎవలన్న సిగ్నళ్ల పని చేసినోళ్లుంటే, గీ భాగం వాళ్లకు పంపుండ్రి. చూసింది చూసిన దినమే రాసి, తిట్లు తిని, ఇంటికొచ్చి ఎవలకు చెప్పుకోని మనుషులు వాళ్లల్ల మస్తున్నరు. అట్లనే మీ ఇంట్ల అక్కచెల్లెండ్ల మొగండ్లు మాట్లాడుకోక ఏండ్లయ్యిందంటే, ఇద్దరికీ పంపుండ్రి. ఒక్కనికే పంపి ఊకోకుండ్రి. ఉంట మరి, పెడుతున్న.